జాబితాలో లేని మాట

“ఫైళ్ళన్నీ ఉన్నాయి నాన్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా పోలేదు. కావాలంటే తెరిచి చూపిస్తాను.”

“ఫైళ్ళెవడికి కావాలిరా? మీ అమ్మ మాటలెక్కడ?”

శుక్రవారం పొద్దున్నించీ పెద్దాయన కొడుకుని అడుగుతున్నది ఇదే. ఇవాళ సోమవారం.

ముందు గదిలో కొడుకు నడిపే టైపింగు దుకాణం షట్టరు సగానికే లేచి ఉంది. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసుకోవడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి వంగి లోపలికి తొంగిచూసింది. పెద్దాయన గొంతు విని, “మళ్ళీ వస్తానులెండి” అని గాలికి చెప్పి వెళ్ళిపోయింది.

నడిమి గదిలో కిటికీ పక్కన, కొత్త ల్యాప్‌టాప్ ఎదురుగా టైపిస్టమ్మ కూర్చుని ఉంది. వీధిలో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. కుడి చెయ్యి దిండు మీద ఉంది. ఆ చేతిని ఎవరు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. అది మాత్రం ఆమె కావాలని పెట్టుకున్నది. నాలుగు రోజులుగా ఆ చెయ్యి మీటల మీదికి రాలేదు.

“పోనీ మన పాత కంప్యూటరు పట్టుకెళ్ళిన ఆ మెకానిక్కునే మళ్ళీ అడగరాదూ?” అన్నాడు పెద్దాయన. ఆ మాట అనడం అది నాలుగోసారి.

“అడిగాను నాన్నా. అంతా చెరిపేసి ఎవరికో ఇచ్చేశాడట. నేనే చెరిపెయ్యమన్నాను. మనకు పనిచ్చినవాళ్ళ కాగితాలున్నాయి కదా అందులో, బయటివాళ్ళ చేతిలో పడకూడదని...”

“జాగ్రత్తపడ్డావన్నమాట.”

“పడ్డాను.”

“చాలా జాగ్రత్తపడ్డావు.”

పెద్దాయన ఆ మాట మెల్లగానే అన్నాడు. దానికన్నా నాలుగు కేకలు వేసినా బాగుండేదని కొడుక్కి అనిపించింది.

నిజానికి అతను చేసిన పనిలో తప్పు పట్టాలంటే కష్టమే. ఆ పాత కంప్యూటరు రోజుకు రెండుసార్లు కళ్ళు తేలేసేది. పోయిన నెల ఒక లెక్చరరుగారి ఎనభై పేజీలు మింగి కూర్చుంది. అదే ఆన్‌లైన్‌దైతే కొట్టిన అక్షరం కొట్టినట్టే భద్రంగా ఉంటుంది. ఇటు అన్న టైపు చేస్తుంటే, వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు అదే పేజీ తెరిచి తప్పులు దిద్దవచ్చు. కంప్యూటర్లోనే కూర్చునే పాత సాఫ్ట్‌వేర్ ఉంచుకోవాలా, ఇంటర్నెట్‌లో తెరుచుకునే కొత్తదానికి మారాలా అని అన్నాచెల్లెళ్ళు నెల రోజులు ఫోన్లో తర్జనభర్జన పడ్డారు. అమ్మనెవరూ అడగలేదు. అమ్మ దుకాణం పని చెయ్యదు కదా అనుకున్నారు.

అమ్మ ఆ కంప్యూటర్లో పనిచెయ్యదు, మాట్లాడుతుంది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసిన మనిషి ఆమె. రోజుకు వందసార్లు కొట్టాల్సిన వాక్యాలకు రెండేసి అక్షరాల గుర్తులు పెట్టుకుని, ఇంటి కంప్యూటర్లోనూ అవే ఎక్కించుకుంది. ‘అ ప’ అని కొడితే చాలు, ‘మీ అర్జీ పరిశీలనలో ఉంది’ అని తెర మీద వాక్యం పరుచుకునేది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడిపక్కా, మాటా ఒకే పూట పోయాయి. అప్పుడు భర్త వారం రోజులు కదలకుండా కూర్చుని ఇంటి మాటలు కూడా అందులో ఎక్కించాడు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి, ఓపికకు లోటు లేదు. ‘క చ’ కొడితే ‘కాఫీ చల్లారింది’. ‘త వ’ కొడితే ‘తలుపు వెయ్యండి’. ‘బ ఉ’ కొడితే ‘బాగానే ఉన్నాను’. ఎడమచేతి చూపుడువేలు ఒక్కదానితో ఆమె మళ్ళీ ఇంట్లో నలుగురితో కలిసింది.

ఆ గుర్తులు ఏ ఫైల్లోనూ లేవు. ఆ యంత్రంలో, ఆ సాఫ్ట్‌వేర్ లోపలెక్కడో ఉండేవి. కొడుకు ఫైళ్ళన్నిటినీ పువ్వుల్లో పెట్టి కొత్తచోటికి చేర్చాడు. మిగిలింది చెరిపించాడు.

శుక్రవారం పొద్దున కాఫీ వచ్చింది. ఎప్పటిలాగే చల్లారింది. ఆమె కొత్త తెర మీద ‘క చ’ కొట్టింది. ‘క చ’ అనే వచ్చింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కూడా కొట్టి, తెర వంకా కొడుకు వంకా చూసింది. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే.

ఫోను మోగింది. కోడలు స్పీకరు పెట్టి, ముగ్గురూ కూర్చున్న వెనకగది బల్ల మీద ఉంచింది. ఆమె ఒక స్కూల్లో లైబ్రేరియను. ఈ గొడవ మూలంగా ఇవాళ సెలవు పెట్టింది.

“వదినా, అమ్మ ఏమైనా కొట్టిందా?”

“లేదమ్మా.”

“అన్నయ్యేడి? అన్నయ్యా, నీకసలు బుద్ధుందా?”

“ఉంది. నెల రోజులు ఆన్‌లైన్, ఆన్‌లైన్ అని నా చెవిలో జోరీగలా పోరిందెవరు? నువ్వు కాదూ?”

“దుకాణానికి పెట్టమన్నాను. అమ్మ నోరు మూసెయ్యమన్నానా?”

“మెల్లగా మాట్లాడవే,” అన్నాడు తండ్రి. “తలుపు తీసే ఉంది. మీ అమ్మకు వినిపిస్తుంది.”

“వినిపించనివ్వండి నాన్నా. ఆ వినడమొక్కటేగా ఆవిడకు మనం మిగిల్చింది.”

ఫోన్లోంచి చెల్లెలి ఆఫీసు చప్పుళ్ళు వినిపించాయి, ఎవరో నవ్వుతున్నారు.

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “చూడరా. పాత రకమే కొను. కంప్యూటర్లోనే ఉండేది. ఇంట్లో మాట ఇంట్లోనే పడి ఉంటుంది. ఈ ఇంటర్నెట్టుదాన్ని నమ్మితే రేపు పైనుంచి ఎవడో తీసేస్తాడు.”

“పైనుంచి ఎవరూ తియ్యలేదు నాన్నా. ఇక్కణ్ణించి నేనే తీశాను.”

“అందుకే చెప్తున్నా, పాతదే తే.”

“తెస్తాను. తెచ్చినంత మాత్రాన అందులో అమ్మ మాటలుంటాయా? అందులోనైనా ఇందులోనైనా మళ్ళీ మొదటినుంచీ ఒక్కొక్కటే ఎక్కించాల్సిందే.”

“ఇందులోనే ఎక్కించండి,” అంది చెల్లెలు. “ఇందులో అయితే అమ్మ కొట్టింది నాకూ కనబడుతుంది. పాతదాంట్లో అమ్మ ఏం చెప్పినా నాన్న చదివి ఫోన్లో చెప్పాలి. అమ్మ బాగానే ఉందంటోంది, అమ్మకు నొప్పి లేదంటోంది... రెండేళ్ళ నుంచీ నేను విన్నదంతా నాన్న గొంతే.”

“అంటే? నేను కల్పించి చెప్పానా?”

“అలా అన్నానా?”

“మరెలా అన్నావు?”

ఈ ఇంట్లో ఇప్పుడు ప్రశ్నలకు కరువు లేదు.

కోడలే మధ్యలో కలగజేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, అసలు పట్టుకోకపోవడం కన్నా నయమనుకునే మనిషి ఆమె. దుకాణంలోంచి పొడుగాటి గీతల పుస్తకం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది.

“ఎందులో ఎక్కించాలో తర్వాత తేల్చుకోండి. ముందు ఉన్న మాటలు పోకుండా రాసుకుందాం. మామయ్యా, గుర్తున్నంతవరకూ చెప్పండి.”

“గుర్తున్నంతవరకూ ఏమిటమ్మా? అన్నీ గుర్తున్నాయి,” అన్నాడాయన. ఈ నాలుగు రోజుల్లో ఆయన వెన్ను నిటారుగా నిలబడింది అప్పుడే.

చెప్పడం మొదలుపెట్టాడు. వరస తప్పకుండా, ప్రూఫు చదివినట్టే చెప్పాడు. ఆఫీసు వాక్యాలు ముందు వచ్చాయి. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’. ఇది మురికిబట్టలు చూపించి కోడలికి చెప్పేది. ‘గడువు ముగిసినది’. ఇది పాలు విరిగిన రోజున వచ్చింది. పెళ్ళిరోజున మొగుడు పూలు తెచ్చిస్తే ఆమె రెండక్షరాలు కొట్టింది, తెర మీద ‘మీ లేఖ అందినది’ అని పడింది. ఆవేళ ఇల్లంతా విరగబడి నవ్వారు. ఆమె కూడా పెదవి ఒక పక్కకే లేస్తుండగా నవ్వింది.

రాస్తూ కోడలు నవ్వింది. ఫోన్లో చెల్లెలు కూడా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ముక్కు చీదుకుంది.

“నాకు టైపు నేర్పినప్పుడు స్కేలుతో కొట్టేది,” అన్నాడు కొడుకు. “కాగితంలో లేని మాట ఒక్కటి కొట్టానా, వేళ్ళ మీద పడేది. ‘టైపిస్టు సొంత మాట కొట్టకూడదురా. ఎదురుగా ఏముందో అదే కొట్టాలి’ అనేది.”

“ఎంతమందికి నేర్పినా అదే పాఠం,” అన్నాడు పెద్దాయన. “ఆఫీసరు తప్పు రాసినా అదే కొట్టేది. ‘దిద్దడం మా ఆయన పని, నాది కాదు’ అనేది.”

ఇంటి మాటలు వచ్చాయి. ‘నిద్ర వస్తోంది’. ‘కిటికీ తియ్యండి’. ‘అమ్మాయి ఫోను చేసిందా’. ‘మీ ఇష్టం’. ‘బాగానే ఉన్నాను’. ‘నొప్పి లేదు’.

“‘న ల’,” అని రాసుకుంది కోడలు. “ఇది ఎక్కువసార్లు కొడతారు అత్తయ్య.”

“అవును. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఇదే. నేను ఇంటి దగ్గర కొట్టించి, కాగితం తీసి పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన చూసి, నొప్పి లేదు కదా అని మూడు నెలల కిందట మాత్రలు కూడా ఆపించాడు. ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి.”

కోడలి పెన్ను ఆగింది. వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించే ఆవిడ వస్తుంది. ఆవిడ ఆ కుడి చేతిని భుజం దాకా ఎత్తినప్పుడు అత్తగారు కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టుకుంటుంది. పెదవి తెల్లబడిపోతుంది. తర్వాత నిదానంగా ‘న ల’ కొడుతుంది. అది ఎన్నోసార్లు కళ్ళారా చూసింది కోడలు. తెర మీద రాసి ఉన్నదాన్నే నమ్మింది.

“మామయ్యా, ‘నొప్పి ఉంది’ అనడానికి ఏ అక్షరాలు?”

పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

“మర్చిపోయారా?”

“మర్చిపోలేదమ్మా.”

“మరి?”

“పెట్టలేదు.”

కొడుకు తలెత్తి చూశాడు.

“ఆ మాట దాకా వచ్చాను,” అన్నాడాయన. కళ్ళజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. “‘నొప్పి లేదు’ ఎక్కించాను. దాని కింద రెండోది ఎక్కించాలి. చెయ్యి రాలేదు. అప్పటికి ఆస్పత్రి నుంచి వచ్చి పది రోజులు. ఆ మాట అక్కడ ఉంటే అది రోజూ కొడుతుందేమో, నేను రోజూ చదవాల్సి వస్తుందేమో అని భయమేసింది. రేపు పెడదామనుకున్నాను. ఆ రేపు రాలేదు.”

“నాన్నా...”

“నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ రాతల్లో పడిపోయిన మాటలు పట్టుకున్నానురా. నా రాతలో పడిపోయింది నేనే వదిలేశాను.”

“ఒక్కో అక్షరం కొట్టుకుని చెప్పొచ్చుగా అమ్మ?” అంది చెల్లెలు.

“మొదట్లో మొదలుపెట్టేది. ఒక్క మాటకు అయిదు నిమిషాలు పట్టేది. వేలు వణికేది. నేనే, ‘ఎందుకే ఆ శ్రమ, రెండక్షరాలు కొట్టు చాలు’ అనేవాణ్ణి. మెల్లగా మానేసింది.”

కోడలు పుస్తకం మూసింది. నడిమి గది వైపు చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తలుపు తీసే ఉంది. ఆ మాటలన్నీ ఆమె విన్నదని ముగ్గురికీ తెలుసు.

చివరికి కొడుకే లేచాడు. వెళ్ళి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. టైపు నేర్చుకునే రోజుల్లో కూడా స్కేలు దెబ్బ తిన్నాక అక్కడే కూర్చునేవాడు.

“అమ్మా, తప్పయిపోయింది.”

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“ముందే నిన్నడగాల్సింది. ఇప్పుడడుగుతున్నాను. పాత రకమే కావాలంటే రేపే తెచ్చి పెడతాను. ఇది ఉండనిమ్మంటే ఉండనిస్తాను. నీ మాటలన్నీ నాన్న చెప్పాడు, పుస్తకంలో ఉన్నాయి. ఎందులో ఎక్కించమంటావు?”

ఆమె తల తిప్పింది. కొడుకు వంక కాదు, గుమ్మంలో నిలబడ్డ కోడలి చేతిలోని పుస్తకం వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ చెయ్యి ఒళ్ళోంచి లేచింది.

“అన్నయ్యా!” ఫోన్లో చెల్లెలు కేక వేసింది. “పేజీలో కర్సరు కదులుతోంది. అమ్మేనా?”

“అమ్మే.”

“ఎవరూ ఏం మాట్లాడకండి. దండం పెడతాను, ఎవరూ ముట్టుకోకండి.”

‘న’ వచ్చింది.

“నొప్పి లేదంటోంది,” అన్నాడు పెద్దాయన గబగబా. రెండేళ్ళ అలవాటు మరి. “చూశావా, ఇంత జరిగినా మనల్నే ఊరుకోబెడుతోంది.”

‘న’ కాస్తా ‘నొ’ అయింది. వేలు మీటల మీద తడుముకుంది. ఒక తప్పు అక్షరం పడింది. ఆమె దాన్ని చెరిపి, సరైనది వెతుక్కుంది. నొప్పి. అక్కడ ఒక ఖాళీ కొట్టింది. తర్వాత ‘ఉ’ పడింది. పెద్దాయన గుమ్మం చెక్కను పట్టుకున్నాడు.

“ఏమంటోందమ్మా?” అని కోడల్ని అడిగాడు. “కళ్ళజోడు మసకగా ఉంది. ఏమంటోంది?”

చదివింది చెల్లెలే. వేరే ఊళ్ళో, ఆఫీసులో, చుట్టూ మనుషులుండగా గట్టిగానే చదివింది.

“నొప్పి ఉంది నాన్నా. అమ్మకు నొప్పి ఉందట.”

పెద్దాయన రెండడుగులు ముందుకు వేసి ఆగాడు. “ఎప్పట్నుంచే?” అన్నాడు. అది ప్రశ్నలా లేదు, బతిమాలుతున్నట్టు ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఆమె మొదటిసారి భర్త ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. ఈసారి పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వేలు ఆగి, ఆయాసం తీర్చుకుంది. ఎవరూ ఒక్క అక్షరం కూడా ఊహించి చెప్పలేదు.

‘మీరు లేదు అని రాసిన రోజు కూడా ఉంది.’

చివర చుక్క పెట్టడం మర్చిపోలేదు.

పెద్దాయన మంచం అంచు మీద కూలబడ్డాడు. భోరుమని ఏడవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ వాక్యాన్ని మొదటినుంచీ చివరిదాకా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఈసారి కళ్ళజోడు అడ్డం రాలేదు.

ఆమె వేలు మాత్రం ఆగలేదు. కింది గీతలోకి దిగింది.

‘పాతది వద్దు.’

“ఇక చాల్లేవే, వేలు అలిసిపోతుంది,” అంటూ పెద్దాయన ల్యాప్‌టాప్ మూతకేసి చెయ్యి చాచాడు. ఏం చేస్తున్నదీ ఆయనకే తెలిసినట్టు లేదు. కొడుకు లేచి ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. పెద్దాయన కొడుకు వంక చూసి, తన చెయ్యి వంక చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

ఆమె ఇవేవీ చూడలేదు. ఆఫీసు ఉత్తరంలో వదిలినట్టే ఒక గీత ఖాళీ వదిలి, కొత్త పేరా మొదలుపెట్టింది.

‘నేను’ అని వచ్చింది.

“చెప్పమ్మా,” అంది ఫోన్లో కూతురు. “చూస్తున్నాను, చెప్పు.”

వేలు మీటల పైన గాలిలో నిలబడి ఉంది. తెర మీద కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంది. రెండేళ్ళలో మొదటిసారి, ఆ తర్వాతి మాట ఏమిటో పెద్దాయనకు తెలియలేదు.